2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480 మీద నేటి ప్రోగ్రామింగ్: ఒక సమీక్ష

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనాలనుకునే ప్రోగ్రామర్లు ఎవరు సలహా అడిగినా ఇప్పటికీ నేను తడుముకోకుండా చెప్పే పేరు లెనోవో థింక్‌ప్యాడ్ టీ480. 2018 ఆరంభంలో విడుదలైన ఈ యంత్రాన్ని నేను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే హైదరాబాదులో కంప్యూటర్లతో పని ఉన్నవాళ్ళంతా సీటీసీ అని పిలిచే చోట, ఒక చిన్న దుకాణంలో ఇరవై వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా కొన్నాను. ఆఫీసు పని మినహా నా సొంత పనంతా దీని మీదే నడుస్తోంది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన కొత్త ల్యాప్‌టాప్ కూడా అదే బల్ల మీద ఉంటుంది కనుక, ఒకే రకమైన పనికి రెండింటినీ పక్కపక్కనే వాడి చూసే అవకాశం నాకు దొరికింది. ఒక యంత్రం ఎన్నేళ్ళు పనికొస్తుందనేది దాని వయసు కంటే, దాని మూత మనం తెరవగలమా, లోపలి భాగాలు మార్చుకోగలమా అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుందని నా నమ్మకం. టీ480 ఆ నమ్మకాన్ని చాలావరకు బలపరుస్తుంది. దానికి ఉన్న హద్దులనూ చూపిస్తుంది.

ఈ యంత్రాలు సీటీసీకి ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే ఇంత తక్కువ ధరకు ఎలా దొరుకుతున్నాయో అర్థమవుతుంది. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చే ల్యాప్‌టాప్‌లను సాధారణంగా మూడు నాలుగేళ్ళకోసారి మారుస్తాయి. వారంటీ ముగియడమో, లీజు గడువు తీరడమో అందుకు కారణమవుతుంది తప్ప యంత్రం పాడవడం కాదు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులు నిండా ఇలాంటి యంత్రాలే ఉన్న ఊళ్ళో, బయటికొచ్చిన సరుకుకు కొరత ఉండదు. అవి లాట్ల చొప్పున వ్యాపారుల చేతికి వచ్చి, దుమ్ము దులిపించుకుని, కొత్త ఎస్ఎస్‌డీ (ఫైళ్ళు దాచే వేగవంతమైన డ్రైవ్) వేయించుకుని, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావాయో పైథానో నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన పిల్లల గదులకు చేరతాయి. రాయదుర్గం నుంచి ప్యారడైజ్ దాకా ఒకే మెట్రో లైను కాబట్టి, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేవారు సాయంత్రం పని ముగించుకుని నేరుగా వెళ్ళి చూసుకు రావచ్చు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి తెప్పించుకోవడం కంటే ఆ ప్రయాణం మేలు. పాత ల్యాప్‌టాప్ కీళ్ళు ఎంత బిగువుగా ఉన్నాయో, కీబోర్డు మీద ఏ అక్షరం అరిగిందో ఫొటోలో కనిపించదు.

థింక్‌ప్యాడ్ పేరుకు 1992 నుంచి చరిత్ర ఉంది. ఐబీఎం దాన్ని మొదలుపెట్టింది, జర్మన్ డిజైనర్ రిచర్డ్ సాపర్ దానికి ఆ నల్లని పెట్టె రూపం ఇచ్చాడు, 2005లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారం లెనోవో చేతికి వచ్చింది. ఆ వరుసలో టీ480కి ప్రత్యేక స్థానం రావడానికి రెండు కారణాలున్నాయి. అంతకు ముందరి టీ470లో ఉన్నవి రెండు కోర్ల, అంటే లెక్కలు చేసే భాగాలు రెండే ఉన్న, ప్రాసెసర్లు. ఇంటెల్ ఎనిమిదో తరంతో అదే 15 వాట్ల తరగతిలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) వచ్చాయి. నా దాంట్లో ఉన్న ఐ5-8350యూ అలాంటిదే. రెండో కారణం మైక్రోసాఫ్ట్ నిర్ణయం. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరాన్నే కనీస అర్హతగా పెట్టారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసినప్పుడు, టీ470 అధికారికంగా గట్టు అవతల మిగిలిపోయింది, టీ480 ఇవతల నిలిచింది. ఒక్క ఏడాది తేడాలో తయారైన రెండు యంత్రాల్లో ఒకటి పనికిరానిదిగా, రెండోది పనికొచ్చేదిగా లెక్కలోకి రావడం నాకు బాధ కలిగించే విషయమే. విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్ టీ470 మీద నేటికీ చక్కగా నడుస్తుంది. అయినా కొనేవారికి విండోస్ తప్పనిసరి అయితే ఈ గీతను దృష్టిలో పెట్టుకోక తప్పదు.

ఇక మూత సంగతి. ఈ యంత్రం గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ముందుగా బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే యంత్రం సొంత సెట్టింగుల్లోకి, వెళ్ళి లోపలి బ్యాటరీని ఆపేయాలి. అందుకు అక్కడ ప్రత్యేకంగా ఒక సదుపాయం పెట్టారు. తర్వాత వెనక బ్యాటరీని గొళ్ళెం జరిపి ఊడదీయాలి. అడుగున ఉన్న స్క్రూలు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు లొంగుతాయి. అవి వదులయ్యాక కూడా మూతనే పట్టుకుని ఉంటాయి కాబట్టి నేల మీద పడి దొర్లిపోవు, ఏది ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఆ తర్వాతి పనికి మాత్రం ఓర్పు కావాలి. మూత చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు గట్టిగా పట్టి ఉంటాయి. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచును సందులో దూర్చి నెమ్మదిగా జరుపుతూ పోతే ఒక్కొక్కటీ టప్పుమని విడిపోతుంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి లేపితే మూత అంచు విరుగుతుంది. మూత తీయగానే ఫ్యాను, రాగి గొట్టం, రెండు మెమరీ స్లాట్లు, వైఫై కార్డు, రెండున్నర అంగుళాల డ్రైవ్ గూడు అన్నీ ఒకే చూపులో కనిపిస్తాయి. ఏదీ జిగురుతో అంటించలేదు. నా యంత్రం ఫ్యాను రెక్కల వెనక, గాలి బయటికి పోయే జాలీ దగ్గర, దుమ్ము మెత్తటి పొరలా పేరుకుని ఉంది. దాన్ని పెయింట్ బ్రష్‌తో తీసి, ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది రాసినందుకే శబ్దంలో స్పష్టమైన తేడా వచ్చింది. ఈ పనులన్నిటికీ బొమ్మలతో సహా దారి చూపే హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్‌ను లెనోవో ఎవరైనా దించుకునేలా ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఒక సరుకును అమ్మినవాళ్ళు దాన్ని విప్పే పద్ధతి కూడా రాసి ఇవ్వడాన్ని నేను కొనుగోలుదారు పట్ల చూపిన గౌరవంగా భావిస్తాను.

మెమరీ స్లాట్లు రెండూ మామూలు డీడీఆర్4 స్టిక్కులు తీసుకుంటాయి. కంపెనీ చెప్పే గరిష్ఠ పరిమితి 32 జీబీ. 64 జీబీ వేసి వాడుతున్నవారు కూడా చాలామంది ఉన్నారు. నేను 8 జీబీతో వచ్చిన యంత్రాన్ని అదే భవనంలో మరో దుకాణంలో కొన్న స్టిక్కులతో 32 జీబీకి పెంచాను. సైకిలుకు ట్యూబు మార్చుకున్నంత మామూలు పని అది. డ్రైవ్ గూట్లో సాటా ఎస్ఎస్‌డీ పెట్టుకోవచ్చు, చిన్న అడాప్టర్ ఉంటే అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం కూడా పెట్టుకోవచ్చు. అయితే ఆ గూటికి డేటా నడిచే దారులు, అంటే పీసీఐఈ లేన్లు, రెండే ఉన్నందువల్ల ఖరీదైన డ్రైవ్ కొంటే దాని పూర్తి వేగం అందదు, మధ్యరకం చాలు. మరుసటి ఏడాది వచ్చిన టీ490లో మెమరీ కొంత బోర్డుకే అతికించి ఒక్క స్లాటు మాత్రమే మిగిల్చారు, ఊడదీసే బ్యాటరీని తీసేశారు. సన్నగా ఉండటం కోసం అలా చేశారని అర్థం చేసుకోగలను కానీ, ఒప్పుకోలేను. ఒక రోజు వీపుకు దక్కే తేలికదనం కోసం కొన్నేళ్ళ వాడకాన్ని కోల్పోవడం నాకు సమంజసమైన బేరంగా తోచదు. 2024లో వచ్చిన టీ14 ఐదో తరంలో రెండు మెమరీ స్లాట్లను తిరిగి పెట్టి, బాగు చేసుకోవడానికి వీలుగా డిజైన్ చేశారు. కొత్త యంత్రాలన్నీ మూతబిగించిన పెట్టెలే అనే మాట నిజం కాదనడానికి ఇదొక మంచి నిదర్శనం, పూర్తి ధర పెట్టగలిగినవారు దాన్ని తప్పక పరిశీలించాలి.

బ్యాటరీ గురించి చెప్పాలంటే ముందు దుకాణంలో జరిగిన సంభాషణ చెప్పాలి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీసి చూపించమని అడిగితే, కౌంటర్‌లో ఉన్న కుర్రాడు, "సార్, ల్యాప్‌టాప్‌కు నెల గ్యారంటీ ఇస్తాం గానీ బ్యాటరీకి ఎవరూ ఇవ్వరు సార్, మీరు పార్క్ లేన్ మొత్తం తిరిగినా ఇదే మాట చెప్తారు" అన్నాడు. అతను అన్నది నిజమే. కానీ రిపోర్టు తీయడానికి మాత్రం అడ్డు చెప్పలేదు, అందులో లోపలి బ్యాటరీ ఫర్వాలేదనీ, వెనకది దాదాపు ప్రాణం పోయిందనీ తేలింది. ఈ యంత్రంలో 24 వాట్‌అవర్ల బ్యాటరీ ఒకటి లోపలే ఉంటుంది, వెనక నుంచి తగిలించేది మరొకటి 24, 48, 72 వాట్‌అవర్లలో దొరుకుతుంది. యంత్రం నడుస్తుండగానే, ఆపకుండా, వెనకదాన్ని తీసి ఇంకొకటి పెట్టవచ్చు. ఆ కాసేపూ లోపలిది భారం మోస్తుంది. దుకాణంవాళ్ళు మార్చి ఇచ్చిన బ్యాటరీ కంపెనీది కాదు. తగిలించిన కొత్తలో బాగానే ఉన్నట్టు కనిపించి, కొద్ది నెలలకే ముప్ఫై శాతం దగ్గర ఒక్కసారిగా చేతులెత్తేయడం మొదలుపెట్టింది. చివరికి అసలుదే వేరుగా కొనుక్కోవలసి వచ్చింది. పాత యంత్రం కొనేవారు బ్యాటరీ ఖర్చును మొదటి నుంచే ధరలో కలుపుకుని లెక్క వేసుకోవాలని గట్టిగా చెబుతాను. 72 వాట్‌అవర్లది పెట్టుకుంటే వెనక భాగం కొంచెం పైకి లేచి ఉంటుంది, బరువు పెరుగుతుంది, కానీ ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద ఆధారపడకుండా సాయంత్రం దాకా పని చేసుకోవచ్చు. యూఎస్‌బీ-సీతో చార్జ్ కావడం వల్ల ఒక్క 65 వాట్ల చార్జర్‌తో ఫోనుకూ దీనికీ సరిపోతోంది. ఆ విషయంలో ఇది కొత్త యంత్రాలకు ఏమాత్రం తీసిపోదు.

కీబోర్డు దీని రెండో బలం. మీటలు లోతుగా దిగుతాయి, దిగినట్టు వేలికి తెలుస్తుంది. రోజంతా కోడ్ రాసేవారికి ఈ తేడా సాయంత్రానికి మణికట్టులో తెలుస్తుంది. 2011 నాటి టీ420లో ఉన్న ఏడు వరుసల కీబోర్డును ఇంకా తలచుకునేవారున్నారు, వారి బాధ సరైనదే. అయినా నేటి సన్నటి ల్యాప్‌టాప్‌ల కీబోర్డుల పక్కన పెడితే ఇది కూడా ఎంతో మెరుగు. ఎడమ చివర ఎఫ్ఎన్ మీట, దాని పక్కన కంట్రోల్ మీట ఉండటం మొదట్లో చికాకు పెడుతుంది. బయాస్‌లో రెండింటినీ తారుమారు చేసుకునే వీలుంది. మధ్యలో మౌస్‌లా పనిచేసే ఎర్రటి బొడిపె ట్రాక్‌పాయింట్‌కు వేలు అలవాటు పడటానికి కొన్ని వారాలు పట్టవచ్చు, ఆ తర్వాత చేతులు అక్షరాల వరుస వదిలి కిందికి రావు. మధ్య బటన్ నొక్కి పట్టి దాన్ని జరిపితే పేజీ పైకీ కిందికీ కదులుతుంది. టచ్‌ప్యాడ్ మాత్రం కొత్త యంత్రాల స్థాయిలో లేదు.

తెర ఈ యంత్రానికి పెద్ద లోటు, ఈ విషయంలో కొనేవారు మొహమాటపడకూడదు. కొన్ని లాట్లలో 1366×768 తెరతో వచ్చినవి ఉంటాయి. కోడ్ రాసేవారు వాటిని ముట్టుకోనవసరం లేదు. ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర ఉన్నదాన్ని తీసుకున్నా వెలుగు తక్కువ, రంగులు వెలిసినట్టు ఉంటాయి. కిటికీ పక్కన కూర్చుంటే పగటి పూట అక్షరాలను కళ్ళు చికిలించి చదవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి దీని మీదికి మారిన మొదటి నిమిషంలో కలిగే నిరాశను నేను దాచను. తెర మార్చుకోవచ్చు, అందుకు తగిన ప్యానెళ్ళు మార్కెట్‌లో ఉన్నాయి. నేను ఇంట్లో పెద్ద మానిటర్ తగిలించుకుని వాడతాను కనుక ఆ ఖర్చు ఇంకా పెట్టలేదు.

హార్డ్‌వేర్ ఎంత బాగున్నా దాని మీద నడిపే సాఫ్ట్‌వేర్ దాన్ని ముసలిదాన్ని చేయగలదు. నేను దీని మీద లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 13 వేశాను. వైఫై, వెబ్‌క్యామ్, నిద్రాస్థితి నుంచి లేవడం, అన్నీ ఏ తంటా లేకుండా పనిచేస్తున్నాయి. నా పని సర్వర్ వైపు ప్రోగ్రాములు రాయడం: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, పైథాన్, కొంత జావా, ప్రోగ్రాములను వాటి సరంజామాతో సహా విడివిడిగా నడిపే డాకర్ కంటైనర్లు నాలుగైదు. 32 జీబీ మెమరీతో ఇవన్నీ ఒకేసారి తెరిచి ఉంచినా యంత్రం తొట్రుపడదు. జావా ప్రాజెక్టును మొదటి నుంచి కంపైల్ చేయడంలో, అంటే రాసిన కోడ్‌ను నడిపే రూపంలోకి మార్చడంలో, మాత్రం కొత్త యంత్రం స్పష్టంగా ముందుంటుంది. నేను లేచి మంచినీళ్ళు తాగి వచ్చే వ్యవధి ఇక్కడ పడుతుంది, అక్కడ కుర్చీలోంచి కదలనక్కర్లేదు. రోజువారీ పనిలో ఎక్కువ భాగం కంపైల్ చేయడం కాదు, చదవడం, వెతకడం, కొద్దిగా మార్చడం, పరీక్షించడం. ఆ పనుల్లో తేడా నాకు తెలియడం లేదు. మెమరీని అసలు మింగేది బ్రౌజరూ, తనలో ఒక బ్రౌజర్ ఇంజిన్‌ను మోసుకుంటూ వచ్చే ఎలక్ట్రాన్ ప్రోగ్రాములూ. చాటింగ్‌కు ఒకటి, నోట్సుకు ఒకటి, ఎడిటర్‌కు ఒకటి తెరిస్తే ఒకే ఇంజిన్ మూడు సార్లు లోపల కూర్చుంటుంది. 8 జీబీ యంత్రం కొన్న విద్యార్థి ల్యాప్‌టాప్ పాతదని తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే.

అందుకని నేను పాత సాధనాలనే పట్టుకుని కూర్చోలేదు. ఫైళ్ళలో మాటలు వెతికిపెట్టే 1973 నాటి గ్రెప్ బదులు 2016లో రస్ట్ భాషలో వచ్చిన రిప్‌గ్రెప్ వాడతాను. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌కు మనం పక్కన పెట్టమని చెప్పిన ఫైళ్ళను అది తానే వదిలేసి, పెద్ద ప్రాజెక్టును కూడా రెప్పపాటులో గాలిస్తుంది. ఎడిటర్‌గా 1991 నుంచి ఉన్న, టెర్మినల్‌లో నడిచే విమ్ వాడతాను, కానీ దానికి మైక్రోసాఫ్ట్ 2016లో బయటపెట్టిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ తోడు లేకుండా వాడను. మైక్రోసాఫ్ట్ సొంత ఎడిటర్ వీఎస్ కోడ్ కోసం పుట్టిన ఆ పద్ధతి ఏ ఎడిటర్‌కైనా భాషాజ్ఞానాన్ని అందించగలిగేలా తయారైంది కనుక, ఫంక్షన్ ఎక్కడ నిర్వచించారో, పేరు మారిస్తే ఎక్కడెక్కడ మారాలో విమ్ కూడా చూపించగలుగుతోంది. కొత్తగా వచ్చిన పనితనం ఇలా అందరికీ ఉపయోగపడేలా విడిగా ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. నా చిన్న ప్రాజెక్టులన్నిటి డేటా 2000 సంవత్సరం నాటి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంది. మొత్తం డేటాబేస్ ఒక్క ఫైలు కనుక దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళిపోవచ్చు. ఇంతకంటే కొత్తదాని అవసరం నాకింకా రాలేదు.

తెలుగు రాసేటప్పుడు మాత్రం పాతదాని మీద నాకున్న ప్రేమ ఎప్పటికప్పుడు పరీక్షకు నిలబడుతుంది. ఆదేశాలను టైపు చేసి పని చేయించుకునే టెర్మినల్ అనేది 1970ల యంత్రాల నమూనాలో, తెరను సమానమైన గడులుగా విభజించి ఒక్కో గడిలో ఒక్కో అక్షరం వేసే పద్ధతిలో పుట్టింది. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలు కేటాయించే ప్రమాణంలో, ఆరు సంకేతాల వరుస. దాన్ని గడుల్లో ఇరికించబోయి చాలా టెర్మినల్ ప్రోగ్రాములు వత్తులను పక్కకు నెట్టేస్తాయి, గుడులను వేరుచేస్తాయి, కర్సర్ ఎక్కడుందో తెలియకుండా చేస్తాయి. అందువల్ల తెలుగు వ్యాసం రాయవలసి వస్తే నేను విమ్ మూసేసి, హార్ఫ్‌బజ్ లాంటి కొత్త లైబ్రరీల సాయంతో అక్షరాలను సరిగ్గా కూర్చే మామూలు ఎడిటర్ తెరుస్తాను. భారతీయ లిపుల కోసం తయారైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్, మండలి ఫాంట్, ఈ కీబోర్డు కలిస్తే తెలుగులో రాయడం ఇంత హాయిగా ఉంటుందని పాత డీటీపీ రోజుల్లో ఊహించగలిగేవాళ్ళం కాదు. ఆ రోజుల్లో యూనికోడ్ వాడని అను ఫాంట్లతో టైపు చేసిన ఫైలును ఈనాడు ఆ ఫాంటు లేకుండా తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల చిత్తడి తప్ప ఏమీ కనిపించదు. తెలుగును 1991లోనే మొదటి యూనికోడ్ ప్రమాణంలో చేర్చారు, అయినా అది మన బల్లల మీదికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. కొత్త యంత్రాలు కూడా ఈ విషయంలో తప్పటడుగులు వేశాయి. 2018 ఫిబ్రవరిలో, అంటే నా టీ480 మార్కెట్‌లోకి వచ్చిన కాలంలోనే, 'జ్ఞా' రూపంలోని ఒక అక్షర సమూహం సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిదిద్దింది. మన లిపి అవసరాలు ఎవరో ఒకరు పట్టించుకుని పనిచేసినప్పుడే తీరతాయి, ఆ పని కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతోంది. ఈ ఒక్క కారణంతో అయినా పాత ల్యాప్‌టాప్ మీద పాత సాఫ్ట్‌వేర్‌ను అలాగే ఉంచుకోవద్దని చెబుతాను.

కృత్రిమ మేధ సహాయకుల విషయంలో నేను అనుకున్నదానికంటే ఈ యంత్రం బాగా నిలబడింది. 2021లో కోడ్‌ను తానే రాసి సూచించే గిట్‌హబ్ కోపైలట్ మొదటి రూపం చూసినప్పుడు ఇక పాత ల్యాప్‌టాప్‌లకు కాలం చెల్లినట్టేనన్న వాదన మా తోటివారిలో వినిపించింది. జరిగింది మరోలా ఉంది. ఈ సహాయకుల వెనక ఉన్న కృత్రిమ మేధ నమూనాలు (మోడళ్ళు) దూరాన సర్వర్లలో నడుస్తాయి. నా బల్ల మీద జరగాల్సిందల్లా కొంత పాఠ్యం పంపడం, కొంత పాఠ్యం అందుకోవడం. పైగా ఈ సాధనాల్లో కొన్ని ఇప్పుడు టెర్మినల్‌లోనే నడిచేలా వస్తున్నాయి. అమెరికా కంప్యూటర్ల సంస్థ డెక్ 1978లో తెచ్చిన, తెరా కీబోర్డూ ఉన్న వీటీ100 టెర్మినల్ యంత్రం వాడిన నియంత్రణ సంకేతాలనే నేటి టెర్మినల్ ప్రోగ్రాములూ అనుకరిస్తాయి కనుక, మా వృత్తిలోని అతి కొత్త సాధనం నలభై ఏళ్ళు దాటిన కిటికీలోంచి నాతో మాట్లాడుతోందన్నమాట. పరీక్షలు రాయించడానికి, తెలియని కోడ్‌ను వివరించమనడానికి నేను అలాంటి సహాయకుణ్ణి రోజూ వాడతాను. అది రాసిచ్చిన ప్రతి వరుసనూ చదివే తీరాలన్న నియమం పెట్టుకున్నాను. ఆ చదవడానికి మంచి ప్రాసెసర్ అక్కర్లేదు. నమూనాను సొంత యంత్రం మీదే నడపాలనుకునేవారికి మాత్రం ఇది పనికిరాదు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని నా యంత్రం మీద చిన్న నమూనాలు కూడా పదం పదం కూడబలుక్కుంటూ జవాబిస్తాయి.

మరికొన్ని చోట్ల కూడా ఇది చేతులెత్తేస్తుంది. ఫోనును తెర మీదే అనుకరించే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తెరిస్తే ఫ్యాను గోల మొదలవుతుంది. వీడియో మీటింగులో తెర పంచుకుంటూ కోడ్ నడిపితే అవతలివాళ్ళకు మన మాటతో పాటు ఫ్యాను కూడా వినిపిస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో, నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. భద్రత సంగతి కూడా మరవకూడదు. ఒక ప్రోగ్రాము చూడకూడని డేటాను చూసే వీలు కల్పించే ప్రాసెసర్ల లోపాలు మెల్ట్‌డౌన్, స్పెక్టర్ 2018 జనవరి 3న లోకానికి తెలిశాయి. ఈ తరం చిప్పులు వాటికి ముందే రూపుదిద్దుకున్నవి కనుక సాఫ్ట్‌వేర్ రక్షణల మీద ఆధారపడతాయి, ఆ రక్షణలకు కొంత వేగం చెల్లించుకుంటాయి. ఇంట్లో ప్రోగ్రాములు రాసుకునేవారికి ఇది పెద్ద సమస్య కాదు. ఇతరుల డేటా చేతిలో పెట్టుకుని పనిచేసేవారు ఆలోచించాలి.

కొనడానికి వెళ్ళేవారు డబ్బులు కట్టే ముందు అక్కడే చూసుకోవలసిన వాటిలో బయాస్ పాస్‌వర్డ్ మొదటిది. ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కి లోపలికి వెళ్ళండి. పాస్‌వర్డ్ అడిగితే ఆ యంత్రాన్ని అక్కడే వదిలేయండి. దాన్ని ముందు వాడిన కంపెనీ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తెలియకపోతే అధికారిక మార్గం మదర్‌బోర్డు మార్చడమొక్కటే, ఆ ఖర్చుతో ఇంకో ల్యాప్‌టాప్ వస్తుంది. తర్వాత రెండు యూఎస్‌బీ-సీ పోర్టుల్లోనూ చార్జర్ పెట్టి చూడండి. వాటిలో ఒకటి థండర్‌బోల్ట్ అనే వేగమైన రకం పోర్టు; ఈ మోడల్‌లో దాన్ని నడిపే తొలి ఫర్మ్‌వేర్ (చిప్పులోనే ఉండే సాఫ్ట్‌వేర్) లోపం వల్ల ఆ పోర్టు పనిచేయడం మానేసేది. లెనోవో దానికి అప్‌డేట్ ఇచ్చింది, కానీ ఆఫీసుల నుంచి వచ్చిన ప్రతి యంత్రంలో అది వేసి ఉంటుందన్న భరోసా లేదు. ఇంటికి తెచ్చుకోగానే చేయవలసిన మొదటి పని ఆ అప్‌డేట్ వేయడం. సీరియల్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి. దుకాణంవాళ్ళు బిల్లు ఎందుకు సార్ అంటే, పక్క దుకాణానికి వెళ్ళండి, సీటీసీలో దుకాణాలకు కొదవ లేదు.

ధర విషయంలో నా లెక్క ఇది. ఫుల్ హెచ్‌డీ తెర, 16 జీబీ మెమరీ, పనిచేసే రెండు బ్యాటరీలతో ఇరవై వేల దగ్గర దొరికితే సందేహించనవసరం లేదు. పాతిక వేలు దాటి అడుగుతుంటే టీ480 కోసం పట్టుబట్టవద్దు. ఇంకొంత కలుపుకుని 2020లో ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లతో వచ్చిన టీ14 మొదటి తరం కోసం అడగండి. అందులో ఎనిమిది కోర్ల రకం కూడా ఉంది. వెనక బ్యాటరీ ఉండదు, మెమరీ స్లాటు ఒక్కటే, మిగతా మెమరీ బోర్డుకు అతికించి ఉంటుంది కనుక ఆ అతికించిన భాగం 16 జీబీ ఉన్నదాన్నే ఎంచుకోండి.